క్షౌరకత్తికి వెడల్పు ఎంచుకోవడం: మీ ముఖానికి ఎన్ని సూత్‌ల కత్తి సరిపోతుంది?

నూరి వాడుకుని పిడిలోకి మడిచే క్షౌరకత్తి వెడల్పును అంగుళంలో ఎనిమిదో వంతుల లెక్కన చెప్పడం చాలాకాలంగా వస్తున్న పద్ధతి. పెట్టె మీద 5/8 అని రాసి ఉంటే, వెన్ను (మందపాటి వీపు) పైభాగం నుంచి వాదర (పదును అంచు) దాకా ఆ పలక దాదాపు 16 మిల్లీమీటర్లు ఉందని అర్థం. హైదరాబాదులో ఇనుప సామానుతో పరిచయం ఉన్నవారికి ఈ కొలత కొత్తదేమీ కాదు. రాణీగంజ్ కొట్లలో కడ్డీలు, బోల్టులు అడిగేటప్పుడు వాడే సూత్ అంటే అంగుళంలో ఎనిమిదో వంతే కాబట్టి, 5 సూత్‌ల కడ్డీ లావును కంటితో చూసి ఉన్నవారు 5/8 కత్తి వెడల్పును సులభంగా ఊహించుకోగలరు. ఇదే లెక్కన 4/8 కత్తి 12.7 మిల్లీమీటర్లు, 6/8 కత్తి 19, 7/8 కత్తి 22 మిల్లీమీటర్లు ఉంటాయి. 8/8 అంటే నిండు అంగుళం, 25.4 మిల్లీమీటర్లు. వీటి మధ్యలో 11/16, 13/16 కొలతల కత్తులూ దొరుకుతాయి గాని, కొత్తగా కొనేవారు వాటి గురించి అంతగా ఆలోచించనక్కర లేదు.

మొదటి కత్తిగా 5/8 గాని 6/8 గాని తీసుకోవాలన్నది నా గట్టి అభిప్రాయం. ఈ రెండింటిలో ఏది అన్నది మీ ముఖం, మీ గడ్డపు వెంట్రుకల మందం, మీసం ఉంచుకునే అలవాటు, కత్తి పలకను ఎంత గుల్లగా, అంటే లోపలికి తొలిచి, సానపట్టారన్న విషయం కలిసి తేల్చాలి. వెడల్పు ఎక్కువైతే పదును ఎక్కువగా ఉంటుందన్న నమ్మకం చాలామందిలో ఉన్నది, కాని అది నిజం కాదు. పదును వాదర దగ్గర కలిసే రెండు ముఖాల కోణం మీద, ఆ చివర ఎంత శ్రద్ధగా నూరారన్న దాని మీద, ప్రతిసారీ గీసుకునే ముందు తోలుపట్టా మీద ఎలా తిప్పారన్న దాని మీద ఆధారపడుతుంది. చక్కగా నూరిన 4/8 కత్తి, నూరడం కుదరని 7/8 కత్తి కంటే ఎంతో హాయిగా గీస్తుంది.

ఇక్కడ సెలూన్లలో నేడు కనిపించే ఉస్తరా వేరే పనిముట్టని ముందుగా గుర్తుంచుకోవాలి. మామూలు రెండంచుల బ్లేడును నిలువునా విరిచి, ఆ సగాన్ని ఒక పట్టులో బిగించి గీస్తారు. ఒకరికి వాడిన బ్లేడు ఇంకొకరికి వాడకుండా పారేయవచ్చు కాబట్టి ఆరోగ్యరీత్యా అది సెలూనుకు తగినదే. అయితే ఆ సగం బ్లేడు 11 మిల్లీమీటర్ల వెడల్పే ఉండి, అందులోనూ పట్టు బయటకు కొద్దిగా మాత్రమే కనిపిస్తుంది. దాని మూలలు పదునుగా ఉంటాయి, బరువు చాలా తక్కువ. ఆ ఉస్తరాతో చేయి అలవాటైనవారు అసలైన క్షౌరకత్తిని పట్టుకున్నప్పుడు వెడల్పూ బరువూ రెండూ ఒక్కసారిగా పెరిగినట్టు అనిపించడం సహజం. అలాంటివారికి 5/8 దగ్గర మొదలుపెట్టడం మంచిది.

వెడల్పు మారితే ఏమి మారుతుంది

అందరికీ వెంటనే తెలిసేది నురుగు సంగతి. కత్తి జారుతున్నకొద్దీ గీసిన వెంట్రుకలూ నురుగూ పలక మీదకు చేరతాయి. వెడల్పైన పలక మీద అవి ఎక్కువసేపు నిలుస్తాయి కాబట్టి, 7/8 కత్తితో ఒక చెంప మొత్తం గీసిన తరవాత తుడుచుకున్నా సరిపోతుంది. 4/8 కత్తిని మాత్రం నాలుగు వేళ్లంత మేర గీయగానే తుడవవలసి వస్తుంది, లేకపోతే నురుగు వెన్ను దాటి వేళ్ల మీదకు కారి పట్టు జారుతుంది. బ్రష్షుతో చిక్కటి నురుగు దండిగా పట్టించుకునే అలవాటు ఉన్నవారికి 6/8 మీద మొగ్గు కలగడానికి ఇదే కారణం. నగరంలో బోరునీళ్లు వాడే ఇళ్లలో సబ్బు సరిగా నురగదు. నీటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు సబ్బుతో కలిసి తెట్టులా పేరుకుంటాయి. అలాంటి చోట కత్తి వెడల్పును మార్చడం కంటే, నురుగు కలుపుకోవడానికి ఒక గ్లాసుడు ఆర్.ఓ. ఫిల్టరు నీళ్లు వాడుకోవడం ఎక్కువ మేలు చేస్తుంది.

రెండవది చూపు. సెలూనులో గీసే వ్యక్తి పక్కన నిలబడి వాదరను నేరుగా చూడగలడు, కాని మనకు మనం గీసుకునేటప్పుడు అద్దంలోనే చూసుకోవాలి. అప్పుడు కత్తి పలక వెడల్పుగా ఉన్నకొద్దీ వాదర చర్మాన్ని తాకే గీత కనబడకుండా అడ్డు వస్తుంది. చెంప మీద, మెడ పక్కన దీనివల్ల పెద్ద ఇబ్బంది లేదు. మీసకట్టు పైఅంచును తీర్చేటప్పుడు, చెవి ముందరి వెంట్రుకలను సమంగా కోసేటప్పుడు మాత్రం ఇది చాలా పెద్ద విషయం.

మూడవది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది, ముక్కు కింద కత్తికి కావలసిన చోటు. కత్తిని చర్మానికి దాదాపు 30 డిగ్రీల వాలులో పట్టుకుని పైనుంచి కిందికి గీస్తున్నప్పుడు, వెన్ను వాదర కంటే పైన ఉంటుంది. ఎంత పైన అన్నది కొంచెం లెక్క వేస్తే తెలుస్తుంది: 5/8 కత్తికి 14 మిల్లీమీటర్లకు కొంచెం తక్కువ, 6/8 కత్తికి 16.5, 8/8 కత్తికి 22 మిల్లీమీటర్లు. ముక్కు అడుగు నుంచి పైపెదవి ఎర్రటి అంచు దాకా మీ ముఖం మీద ఎంత ఉందో చిన్న స్కేలుతో కొలిచి చూడండి. ఆ కొలత 14 మిల్లీమీటర్ల దగ్గర ఉందనుకుంటే, 5/8 కత్తికే అక్కడ చోటు చాలీ చాలనట్టు ఉంటుంది. 8/8 కత్తి అయితే వాదర పెదవికి ఆనకముందే వెన్ను ముక్కుకు తగులుతుంది. అందుకే ఏ కత్తితోనైనా ఇక్కడ ఎడమచేతి వేలితో ముక్కు కొనను పైకెత్తి, కత్తి మొన వైపు భాగాన్ని మాత్రమే వాడుతూ కొద్దిగా ఏటవాలుగా గీయడం అవసరమవుతుంది. కత్తి వెడల్పుగా ఉన్నవారు వెన్ను ముక్కుకు తగలకుండా ఉండాలని కత్తిని మరీ నిటారుగా నిలబెడతారు, అలా నిలబెట్టినప్పుడు వాదర చర్మాన్ని గీరుతుంది. పైపెదవి మీద పడే గాట్లలో చాలావరకు చేతి వణుకు వల్ల పడినవి కావు, చోటు చాలక కోణం మారిపోవడం వల్ల పడినవి.

గడ్డం కింది గుంటలోనూ, పెదవికి గడ్డానికి నడుమ ఉండే లోతులోనూ ఇదే ఇబ్బంది కొంత తక్కువగా కనిపిస్తుంది. ముఖం గుండ్రంగా, నిండుగా ఉన్నవారికి వెడల్పు కత్తి ఎక్కడా పెద్దగా అడ్డురాదు. చెంపలు లోపలికి పోయి దవడ ఎముక కోణంగా తేలి ఉన్నవారికి, కంఠమణి ముందుకు పొడుచుకు వచ్చినవారికి ఇరుకు కత్తి వంపుల వెంట బాగా తిరుగుతుంది.

బరువు సంగతి క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. వెడల్పు కత్తి బరువు వల్ల దాని దారిన అది సాగుతుంది, చేతితో నెట్టవలసిన పని తగ్గుతుంది. కాని అదే బరువు కొత్తవారి చేతిలో అదుపు తప్పినప్పుడు గాటును లోతు చేస్తుంది.

వెడల్పుతోపాటు చూడవలసిన సానతీరు

వెడల్పు అంకె ఒక్కటే చూసి కత్తి కొనడం సగం సమాచారంతో కొనడం వంటిది. అదే 6/8 వెడల్పులో మూడు కత్తులు చేతికిస్తే మూడూ మూడు రకాలుగా ప్రవర్తించవచ్చు, ఎందుకంటే వెన్నుకూ వాదరకూ మధ్య ఉన్న ఉక్కును ఎంత లోతుగా తొలిచారన్నది ఒక్కో కత్తికి మారుతుంది. దాదాపు తొలవకుండా, వెన్ను నుంచి వాదర దాకా నేరుగా సన్నబడేలా వదిలేసిన దాన్ని వెడ్జ్ అంటారు. సగం తొలిచినది హాఫ్ హాలో, వాదర దగ్గర పలుచని రేకు మిగిలేలా బాగా తొలిచినది ఫుల్ హాలో. ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో తయారైన పాత కత్తుల్లో వెడల్పైన బరువైన వెడ్జ్‌లు ఎక్కువగా కనిపిస్తాయి. జర్మనీలోని సోలింగెన్ నగరం లోతుగా తొలిచిన కత్తులకు పేరుపొందింది. ఫ్రాన్సులో తియేర్ పట్టణం ఈ పనికి కేంద్రం.

ఫుల్ హాలో పలక పలుచగా ఉంటుంది కాబట్టి వెంట్రుక తగిలినప్పుడు సన్నగా వంగి, గీస్తున్నప్పుడు చెవికి చిన్న శబ్దం వినిపిస్తుంది. ఆ శబ్దాన్ని బట్టి కోణం సరిగా ఉందో లేదో అలవాటుపడిన చేతికి తెలుస్తుంది. అయితే వెడల్పు పెరిగినకొద్దీ ఆ పలుచని రేకు కూడా పొడవవుతుంది గనుక అది ఇంకా ఎక్కువగా వంగుతుంది. 7/8, 8/8 ఫుల్ హాలో కత్తుల్లో వెన్నుకూ వాదరకూ మధ్య పలక పొడవునా కొంచెం ఉబ్బెత్తుగా ఒక గట్టును వదిలేది ఆ వంపును ఆపడానికే. మందపాటి, గరుకైన గడ్డం ఉన్నవారు, రెండు మూడు రోజులకు ఒకసారి గీసుకునేవారు ఫుల్ హాలో మీద ఆశపడకుండా 6/8 హాఫ్ హాలో తీసుకోవడం మంచిదని నేను అనుకుంటాను. అది వంగకుండా వెంట్రుకను నేరుగా తెగ్గొడుతుంది. వెంట్రుక మెత్తగా ఉండి రోజూ గీసుకునేవారికి 5/8 ఫుల్ హాలో ఎంతో సుఖంగా ఉంటుంది.

మొన ఆకారం కూడా వెడల్పుతో కలిపి ఆలోచించవలసిందే. కొత్తవారికి గుండ్రని మొన తప్ప మరొకటి వద్దు. మీసం ఉంచుకుని, దాని అంచులను తానే తీర్చుకునేవారికి మాత్రం 5/8 కత్తికి చతురస్రపు మొన ఉంటే గీత స్పష్టంగా వస్తుంది. ఆ మూలను సానరాయి మీద కొద్దిగా మొద్దు చేయించుకుని వాడాలి.

ముఖాన్ని బట్టి తేల్చుకోవడం

మీసం నిండుగా ఉంచుకునే తెలుగువారికి ముక్కు కింది చోటు అసలు సమస్యే కాదు, ఎందుకంటే అక్కడ కత్తి పెట్టరు. వారికి మిగిలేది చెంపలు, మెడ, మీసం అంచులు. ఇందులో చెంపలకూ మెడకూ 6/8 హాయిగా ఉంటుంది, అంచులకు 5/8 అనువుగా ఉంటుంది. ఒకే కత్తితో గడుపుకోవాలంటే మీసం ఉన్నవారు 5/8 తీసుకోవాలని చెబుతాను, ఎందుకంటే చెంప మీద ఒకటి రెండు సార్లు ఎక్కువగా తుడుచుకోవడం చిన్న శ్రమే గాని, మీసం అంచు ఒకసారి వంకర పోతే అది పెరిగేదాకా ముఖం మీదే ఉంటుంది.

మీసం పూర్తిగా తీసేవారు పైన చెప్పినట్టు పెదవి పైభాగాన్ని కొలుచుకోవాలి. ఆ కొలత 15 మిల్లీమీటర్ల లోపు ఉంటే 5/8, అంతకు మించి ఉంటే 6/8 అని ఒక మొరటు సూత్రంగా పెట్టుకోవచ్చు. ముక్కు కొన కిందికి వంగి ఉన్నవారు ఇంకో మెట్టు దిగి ఆలోచించాలి. 4/8 కత్తి అప్పుడు పనికివస్తుంది, కాని మొదటి కత్తిగా దాన్ని నేను సూచించను. నురుగు త్వరగా వెన్ను దాటడం, పలక చిన్నదై వేళ్లకు వాదర దగ్గరగా ఉండడం కొత్తవారిని కంగారుపెడతాయి.

గడ్డం పెంచుకుని, చెంపల మీద గీతనూ మెడ గీతనూ మాత్రమే తీర్చుకునేవారికి లెక్క తిరగబడుతుంది. వారికి 4/8 చాలు, 3/8 కూడా చాలు. గీసే మేర తక్కువ కాబట్టి నురుగు నిలిచే ప్రశ్నే రాదు; గీత ఎక్కడ పడుతోందో కనిపించడమే వారికి కావలసింది.

చేతిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. పెద్ద చేతులు, మందపాటి వేళ్లు ఉన్నవారు 5/8 కత్తి చేతిలో ఆనడం లేదని చెప్పడం విన్నాను. అది నిజమే, కాని పట్టు కుదరడం పలక వెడల్పు కంటే పలకకూ పిడికీ మధ్య ఉన్న కాడ పొడవు మీద, ఆ కాడ కింద వేలు జారకుండా గాట్లు పెట్టారా లేదా అన్నదాని మీద ఎక్కువగా ఆధారపడుతుంది. కొనేముందు అది చూడండి.

పాత కత్తి కొనేటప్పుడు

హైదరాబాదులో ముర్గీ చౌక్ పాత సామాన్ల కొట్లలోనో, ఎర్రగడ్డ ఆదివారం సంతలోనో, జుమేరాత్ బజారులోనో, లేక ఇంట్లో తాతగారి పెట్టెలోనో పాత కత్తి చేతికి వస్తే, దాని వెడల్పును మరింత జాగ్రత్తగా చూడాలి. ప్రతిసారి సానరాయి మీద నూరినప్పుడు వాదర నుంచి కొంత ఉక్కు అరుగుతుంది. ఆ అరుగుదల కంటికి కనిపించనంత చిన్నదే అయినా ఏళ్ల తరబడి సాగితే 6/8 గా పుట్టిన కత్తి 5/8 గా మిగలవచ్చు. అలా మిగిలిన 5/8, కార్ఖానాలో 5/8 గా తయారైన కత్తితో సమానం కాదు.

క్షౌరకత్తిని నూరేటప్పుడు దాని వెన్నూ వాదరా రెండూ రాయికి ఒకేసారి ఆనుతాయి. చేతితో కోణం పట్టే అవసరం లేకుండా వెన్ను మందమే కోణాన్ని నిర్ణయిస్తుంది. అందువల్ల వెన్ను మందానికీ పలక వెడల్పుకూ ఉన్న నిష్పత్తి ఈ కత్తికి ప్రాణం. దాన్ని తేల్చడం సులభం. వెన్ను మందాన్ని, రాయి ఆనే చోట, వెర్నియర్ కాలిపర్‌తో మిల్లీమీటర్లలో కొలవండి. వెడల్పును మాత్రం కాలిపర్ దవడలతో నేరుగా పట్టకూడదు, ఎందుకంటే ఇనుప దవడ తగిలితే వాదర దెబ్బతింటుంది. కత్తిని ఒక కాగితం మీద పడుకోబెట్టి, వెన్ను దగ్గరా వాదర దగ్గరా సన్నని పెన్సిలుతో చుక్కలు పెట్టి, కత్తి తీసేసి ఆ చుక్కల మధ్య దూరం కొలవండి. ఇప్పుడు మందాన్ని వెడల్పుతో భాగించి, వచ్చినదాన్ని 57 తో గుణిస్తే వాదర కోణం డిగ్రీలలో దాదాపుగా వస్తుంది.

ఉదాహరణకు వెన్ను 4.4 మిల్లీమీటర్లు, వెడల్పు 15.5 మిల్లీమీటర్లు ఉన్న కత్తికి ఆ లెక్క 16 డిగ్రీల చిల్లర చూపుతుంది. అది చక్కని కత్తి. 15 నుంచి 18 డిగ్రీల మధ్య ఉన్నవాటిని నిశ్చింతగా తీసుకోవచ్చు. వెన్ను 4 మిల్లీమీటర్లకు అరిగి వెడల్పు ఇంకా 17 ఉన్న కత్తి 13.5 డిగ్రీల దగ్గర తేలుతుంది. దాని వాదర మరీ పలుచనై, గరుకు గడ్డం తగలగానే పెచ్చులు రేగుతుంది. నూరేటప్పుడు వెన్ను మీద ఒక పొర ఎలక్ట్రికల్ టేపు చుట్టితే కోణం కొంత పెరిగి అలాంటి కత్తి మళ్లీ పనికిరావచ్చు. దీనికి వ్యతిరేకంగా, వెన్ను 5 మిల్లీమీటర్లు నిండుగా ఉండి వెడల్పు 14 కు తగ్గిపోయిన కత్తి 20 డిగ్రీలు దాటుతుంది. ఎంత నూరినా అది వెంట్రుకను కోయడం కంటే లాగడమే ఎక్కువ చేస్తుంది. అలాంటి దాన్ని గాజు అల్మారాలో పెట్టుకోవచ్చు గాని ముఖం మీద పెట్టకూడదు.

లెక్క వేయడానికి వీలులేని చోట కంటితోనే కొన్ని గుర్తులు పట్టవచ్చు. వెన్ను పక్కన మెరిసే చదును పట్టీ సన్నని గీతలా ఉంటే కత్తి పెద్దగా అరగలేదు. అది రెండు మూడు మిల్లీమీటర్ల వెడల్పుతో, మొన దగ్గర ఒకలా మడమ (పిడి వైపు చివర) దగ్గర ఒకలా ఉంటే ఎవరో ఒత్తిడి పెట్టి అడ్డదిడ్డంగా నూరారని అర్థం. వాదరను వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. అది నిటారుగా ఉండవచ్చు, మధ్యలో కొద్దిగా ముందుకు ఉబ్బి ఉండవచ్చు, రెండూ మంచివే; మధ్యలో లోపలికి గుంట పడి ఉంటే మాత్రం వదిలేయండి, దాన్ని సరిచేయడానికి వెడల్పులో చాలా భాగం పోగొట్టుకోవాలి. మడమ దగ్గర వాదర కంటే కిందికి ఒక కొక్కెంలా వేలాడుతున్న ఉక్కు కూడా అతిగా నూరిన గుర్తే. నూరడమన్నాక తుప్పు చుక్కలు ఎక్కడ ఉన్నాయో కూడా చూడాలి: వెన్ను మీదున్న తుప్పు వల్ల అందం పోతుంది అంతే, వాదరకు రెండు మిల్లీమీటర్ల లోపు లోతుగా దిగిన తుప్పు ఉంటే నూరినకొద్దీ కొత్త గుంటలు బయటపడుతూనే ఉంటాయి.

రెండవ కత్తి ఎప్పుడు

5/8 తో చెంపలూ మెడా గాట్లు లేకుండా గీయడం, పట్టా మీద వాదర చెడకుండా తిప్పడం కుదిరిన తరవాత 7/8 ప్రయత్నించదలచినవారు నిరభ్యంతరంగా ప్రయత్నించవచ్చు. ఆ నిదానపు బరువు నచ్చి అక్కడే స్థిరపడేవారు ఉన్నారు. మొదటి కత్తి 6/8 అయితే రెండవది పెద్దది కాకుండా 4/8 అయితే ఉపయోగం ఎక్కువ, ఎందుకంటే ఒకటి చెంపలకూ మరొకటి అంచులకూ వాడుకోవచ్చు.

కార్బన్ ఉక్కు కత్తి ఏ వెడల్పుదైనా, వానాకాలంలో స్నానాల గదిలో వదిలితే తుప్పు పడుతుంది. లోతుగా తొలిచిన వెడల్పు పలకల్లో వెన్ను కింది వంపులో తడి నిలుస్తుంది కాబట్టి, గీసుకోగానే మెత్తటి గుడ్డతో వెన్ను నుంచి వాదర వైపు తుడిచి, కాసేపు ఆరనిచ్చి, కుట్టుమిషను నూనె ఒక చుక్క పలచగా రాసి, పిడిలోకి మడిచి పొడి గదిలో పెట్టుకోవాలి.